చెన్నపురి రాజధానిలో పాఠశాలల పొదుపు

విద్యార్థులు తక్కువగా నున్న పాఠశాలలను సమీపమందలి మఱియొక పాఠశాలతో కలుపుట మంచిదా కాదా యను ప్రశ్న మన గ్రామములలో ఇటీవల తఱచుగా వినవచ్చుచున్నది. కథలాపూరు, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు అంగడిదినమున నలుగురు కూడినచోట ఈ మాట రాకపోదు. ఒకరు “పదిమంది పిల్లలకు ఇద్దఱు పంతుళ్లు ఎందుకు?” అందురు. వేఱొకరు “బడి కూడ పోయిన ఊరికి మిగిలినదేమి?” అందురు. ఇద్దఱును తమ తమ యనుభవమును బట్టియే పలుకుచున్నారు. అయితే ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. ఇంగ్లీషువారి పాలనమున చెన్నపురి రాజధానియందు ఇది నూఱేండ్లకు పైగా చర్చింపబడినది, పలుమాఱులు ఆచరణకును వచ్చినది. ఆ చరిత్రను మా ఉన్నత తరగతుల విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

‘రాజధాని’ యను మాటకు ఇచట పట్టణమని యర్థము కాదు. చెన్నపట్టణమునుండి పాలింపబడిన విశాలమైన రాష్ట్రమునకు నాడు ఆ పేరు చెల్లెను. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనివి. మన ప్రాంతము అందులోనిది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కథలాపూరు నైజాము రాజ్యమున ఎలగందుల జిల్లాలో నుండినవి. ఆ జిల్లాకే పిమ్మట కరీంనగరు జిల్లా యని పేరు కలిగెను. కావున మన తాతలకు తెలిసిన బడుల కథ వేఱు. దానిని ఈ వ్యాసము చివరిభాగమున కొంత చెప్పెదము.

ఇంగ్లీషు కంపెనీవారు భారతదేశమందలి విద్యకై సాలునకు ఒక లక్ష రూపాయలు వ్యయము చేయవలయునని 1813వ సంవత్సరపు చార్టరు శాసనముచే ఇంగ్లండు పార్లమెంటు విధించెను. ఇంత పెద్ద దేశమునకు ఒక లక్ష! అదియైనను చాలకాలము సరిగా వినియోగపడలేదు. చెన్నపురి గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూను నెలలో తన కలెక్టర్లను, “మీ మీ జిల్లాలలో ఎన్ని బడులున్నవి, ఎందఱు చదువుచున్నారు, పంతుళ్లకు జీతమెవ్వరిచ్చుచున్నారు?” అని విచారించి వ్రాయుడని కోరెను. జాబులన్నియు వచ్చిన పిమ్మట 1826 మార్చిలో ఆయన వ్రాసిన నివేదికనుబట్టి, 1,28,50,941 మంది జనులున్న ఆ రాజధానిలో 12,498 పాఠశాలలుండెను. అనగా సుమారు వేయిమందికి ఒక బడి. ప్రభుత్వము కానియైనను ఇయ్యకుండగనే జనులు తమ కొఱకు తాము నిలుపుకొనిన బడులివి. తల్లిదండ్రులిచ్చు నాలుగణాలు ఎనిమిదణాలే పంతులునకు జీవనాధారము. అన్నియు కలిపినను నెలకు ఆఱేడు రూపాయలకు మించి పంతులునకు రాదని మన్రో గుర్తించెను. బడి చక్కగా నడువకపోవుటకు ఆ పేదఱికమే మూలమని ఆయన యభిప్రాయము.

ఆ జాబులలో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెలు 1823లో వ్రాసినది నేటికిని చదువదగినది. నాడు బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. అచ్చట తెలుగు, కన్నడము రెండును బడిభాషలు. 9,27,857 మంది జనులకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు మాత్రమే యుండిరని కాంబెలు లెక్క వేసెను. బడులు క్షీణించుటకు జనుల దారిద్ర్యమే కారణమని ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. సీమ బట్టలు దిగుమతియై నేతగాండ్ర బ్రతుకు చెడినది, పన్నుల ధనము ఊరు విడిచి పోవుచున్నది, కావున తండ్రి పంతులునకు ఇయ్యవలసిన అణాలు ఇయ్యలేకున్నాడు అని దాని సారాంశము. కంపెనీ కొలువులో నుండి ఈ మాట వ్రాయుటకు కొంత ధైర్యము కావలెను. నేతపనికి పేరుపొందిన సిరిసిల్ల వైపు పిల్లలకు ఈ సంగతి వేఱుగ విడమఱచి చెప్పవలసిన పని లేదు.

కాంబెలు జాబులోనే మఱియొక విశేషము కలదు. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దపిల్లవాడు చిన్నవానికి పాఠము చెప్పుచు తన పాఠమును గట్టి చేసికొనుట ఆయనకు మిక్కిలి నచ్చినవి. ఈ పద్ధతిని ఇంగ్లండు మననుండి గ్రహించినదని కూడ ఆయన యెఱుగును. ఇది వింతగా తోచవచ్చును గాని యథార్థము. ఆ వృత్తాంతమును కొంచెము విస్తరించి చెప్పెదము.

ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు పాదిరి 1787లో చెన్నపట్టణమునకు వచ్చి, 1789లో ఎగ్మూరునందలి అనాథ బాలుర శరణాలయమునకు పెద్ద యయ్యెను. సోల్జర్లకు ఈ దేశపు స్త్రీలయందు కలిగిన పిల్లలు అచట పెరుగుచుండిరి. జీతము తీసికొను ఉపాధ్యాయులకు బోధించుట చేతకాకుండెను. చేతనైనవారు దొరకినను నిలువకుండిరి. ఒకనాడు బెల్ దొర ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచెను. తన బడిలోను అట్లు చేయుడని ఉపాధ్యాయులతో చెప్పగా వారు ఒప్పుకొనలేదు. అప్పుడాయన ఫ్రిస్కెను అను ఎనిమిదేండ్ల బాలునకు చిన్నతరగతిని అప్పగించెను. ఆ బాలుడు పని నెగ్గించెను. పిమ్మట బడియంతయు పిల్లలే పిల్లలకు బోధించునట్లు అమర్చబడెను. బెల్ 1796లో స్వదేశమునకు మఱలి, మఱుసటి యేట ఈ ప్రయోగమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. లండనులో జోసెఫ్ లాంకాస్టరు కూడ అట్టి బడినే నడపుచుండెను. 1811లో ఇంగ్లండు సంఘమువారు స్థాపించిన నేషనల్ సొసైటీ వేలాది బీదపిల్లలకు ఈ ‘మద్రాసు పద్ధతి’నే ఆధారము చేసికొనెను.

ఎందుకు? చౌక గనుక. ఒక ఉపాధ్యాయుని జీతముతో వందల పిల్లలను కూర్చుండబెట్టవచ్చును. మన వీధిబడిలో ఇరువదిమంది పిల్లల నడుమ పెద్దవాడు చిన్నవానికి చేయి పట్టి దిద్దించుట యొకటి. అక్కడి పట్టణములలో ఒకే కొట్టములో అనేక వందలమంది పిల్లలను వరుసలుగా నిలిపి ఆజ్ఞలతో నడపుట వేఱొకటి. పేరు ఒకటే యైనను పని ఒకటి కాదు. తరువాత ఇంగ్లండువారే దానిని విడిచి శిక్షితులైన ఉపాధ్యాయుల వైపు మరలిరి. పొదుపుకై కనిపెట్టబడిన యుపాయమును ఎంత పెద్దది చేసిన నంత మేలని తలచుట మొదటినుండియు ఖజానా కాపరులకున్న బలహీనత యని మా యభిప్రాయము.

మఱల మన్రో కథకు వచ్చెదము. ఆయన కలెక్టరు కచ్చేరి యున్న ప్రతి ముఖ్యపట్టణమందు మేలైన బడులను, తహశీలుదారుని తాలూకాకు ఒక బడిని పెట్టించి, మొదటివానిలో ఉపాధ్యాయునకు నెలకు 15 రూపాయలు, రెండవవానిలో 9 రూపాయలు ఇయ్యవలెనని ప్రతిపాదించెను. ఇది పెద్ద వ్యయము కాదు. కాని 1827 జూలైలో పత్తికొండయందు ఆయన వాంతిభ్రాంతిచే మృతినొందెను. తరువాత వచ్చినవారికి ఆ శ్రద్ధ లేదు. 1835లో మెకాలే వ్రాతయు, గవర్నరు జనరలు బెంటింకు తీర్మానమును వెలువడి, ఉన్నధనమును ఇంగ్లీషు చదువునకే వినియోగింపవలెనని నిశ్చయింపబడెను. 1836లో తాలూకా బడులు ఎత్తివేయబడెను. పైవారికి చదువు చెప్పిన చాలును, వారినుండి క్రిందివారికి తానే జాఱునని నాటి సిద్ధాంతము. కుండకు పైన నీరు పోసిన అడుగునకు చేరుట నిజమే గాని, ఈ కుండకు నడుమ మూతలు చాల నుండెను.

1854లో సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యాశాసనముతో సహాయధన పద్ధతి, అనగా గ్రాంటు పద్ధతి, వచ్చెను. ప్రభుత్వము తానే బడి పెట్టినయెడల వ్యయమంతయు తనమీద పడును. ఇతరులు పెట్టిన బడికి కొంత సాయము చేసినయెడల అదే ధనముతో అనేక బడులు నడుచును. ఇదియు పొదుపే. అయితే ఇది మంచి పొదుపు. ఇందువలన మిషను పాఠశాలలు బలపడినవని చెప్పుట సత్యము. బందరులో రాబర్టు నోబిలుగారు 1843లోనే పాఠశాల తెఱచియుండిరి. గుంటూరులో లూథరనులు, నెల్లూరు ఒంగోలు ప్రాంతములందు బాప్తిస్టులు పల్లెపల్లెకు ఒక చిన్న బడి పెట్టిరి. పగలు బడిపంతులు, సాయంకాలము ప్రార్థన నడపువాడు ఒక్కడే. అతనికి శిక్షణ తక్కువ, జీతము ఇంకను తక్కువ. కాని మాల మాదిగ పల్లెల పిల్లలకు అక్షరము చూపిన బడులలో ఇవి ముఖ్యమైనవి. ఈ సంగతి ముందుకు మఱల వచ్చును గనుక విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

గ్రాంటు ఇచ్చుటకు ఏది కొలత? ఇచ్చటనే చిక్కు వచ్చెను. ఇంగ్లండులో రాబర్టు లో అను మంత్రి 1862లో ఒక క్రొత్త నిబంధన తెచ్చెను. పిల్లవాడు బడికి సరిగా వచ్చినయెడల 4 షిల్లింగులు, పరీక్షలో నెగ్గినయెడల 8 షిల్లింగులు. చదువుట, వ్రాయుట, లెక్క యను మూటిలో ఏది తప్పినను 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఖజానాకు వెంటనే లాభము కనబడెను. 1861లో 8,13,441 పౌనులుండిన గ్రాంటు 1865నాటికి 6,36,806 పౌనులకు దిగెను. కవియు బడుల పరీక్షాధికారియు నైన మాథ్యూ ఆర్నాల్డు దీనిని గట్టిగా ఖండించెను. ఐనను ఈ పద్ధతియే సముద్రము దాటి మన రాజధానికి వచ్చి, ‘ఫలితములనుబట్టి గ్రాంటు’ అను పేర చాలకాలము నడచెను.

దీనివలన కొంత మేలు కలుగకపోలేదు. వీధి అరుగుమీద బడి నడపుకొను పంతులు కూడ డిపార్టుమెంటు పట్టీలోని కెక్కి నాలుగు రూపాయలు కండ్లజూచెను. కీడు మాత్రము ఎక్కువ. ఇన్‌స్పెక్టరు వచ్చు దినము పంతులునకు పంటకోత దినము వంటిది. మందబుద్ధియైన పిల్లవానిమీద పడిన శ్రమకు రూపాయ రాదు. తెలివిగలవాడు ఎట్లును నెగ్గును. నడిమివారిని పట్టుకొని ఆ యేటి పుస్తకమును కంఠస్థము చేయించుటయే లాభసాటి. అక్షరములు దిద్దు శిశువులను ఎవ్వరు చూచెదరు? కర్జను ప్రభువు ప్రభుత్వము 1904 మార్చి తీర్మానమున ఈ పద్ధతిని తప్పు పట్టినపిదప ఇది క్రమముగా తొలగెను.

1882లో విలియం హంటరు అధ్యక్షతను విచారించిన సంఘము ప్రాథమికవిద్యను జిల్లా బోర్డులకు, మునిసిపాలిటీలకు అప్పగింపుమని చెప్పెను. స్థానికుల చేతిలో బడి యుండుట మంచిదే. స్థానికుల చేతిలో ధనము లేకుండుట మంచిది కాదు. గోపాలకృష్ణ గోఖలేగారు నిర్బంధ ప్రాథమికవిద్యకై 1911లో తెచ్చిన బిల్లు 1912 మార్చిలో 13 వోట్లకు 38 వోట్లు ఎదురై పడిపోయెను. ధనము చాలదనునది వినబడిన యాక్షేపణలలో నొకటి. తుదకు చెన్నపురిలో 1920వ సంవత్సరపు ప్రాథమికవిద్యా శాసనము వచ్చి, బోర్డులు విద్యాపన్ను వేసికొనవచ్చునని, ప్రభుత్వము అందులకు తోడు సొమ్ము చేర్చునని యేర్పఱచెను. 1921నుండి ద్వంద్వపాలనలో విద్య దేశీయ మంత్రుల వశమయ్యెను. గంజాము జిల్లాకు చెందిన ఏ. పి. పాత్రోగారు కొంతకాలము ఆ శాఖను చూచిరి. కాని ఖజానా తాళపుచెవి గవర్నరు పక్షమువారి యొద్దనే యుండెను. వండుమని చెప్పి బియ్యపు గది తాళము వేసినట్లు.

ఇక ముఖ్యభాగము. సైమను కమీషనుకు తోడుగా సర్ ఫిలిప్ హార్టాగు అధ్యక్షతను కూడిన విద్యాసంఘము 1929లో తన నివేదికను ఇచ్చెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన మా తరమువారికి ‘వృథా’, ‘స్తంభన’ యను రెండు మాటలు హార్టాగు పేరుతోనే పరిచయమైనవి. పిల్లవాడు చదువు ముగియకుండగనే బడి మానుట వృథా. ఒకే తరగతిలో ఏండ్ల తరబడి కూర్చుండుట స్తంభన. 1922–23లో ఇంగ్లీషు ఇండియాలో ఒకటవ తరగతిలో నుండిన ప్రతి 100 మందికి 1925–26లో నాల్గవ తరగతిలో 18 మంది మాత్రమే యుండిరని ఆ సంఘము చూపెను. నాలుగేండ్లు చదువనివానికి అక్షరము నిలువదు. కావున 82 మందిమీద పెట్టిన ధనము ఏటిలో పోసినట్లని దాని వాదము. ఒకే ఉపాధ్యాయుడు నాలుగు తరగతులను నడపు చిన్నబడులు ఇందులకు ముఖ్యకారణమని, ఇకమీద బడులను విస్తరించుటకంటె ఉన్నవానిని దృఢపఱచుట మేలని సలహా చెప్పెను.

అదే సమయమున లోకమంతట ఆర్థికమాంద్యము వ్యాపించెను. ధాన్యము ధర పడిపోయెను, శిస్తు వసూలు కాలేదు. 1931లో భారత ప్రభుత్వము ఉద్యోగుల జీతములలో నూటికి పది చొప్పున కోత విధించెను. రాష్ట్రములందును పొదుపు సంఘములు కూర్చుండెను. హార్టాగు మాట పొదుపు కోరువారికి వరమువలె దొరకెను. చెన్నపురి రాజధానిలో అసమర్థములని, అనావశ్యకములని యెంచబడిన చిన్నబడులు మూయబడెను, కొన్ని కలుపబడెను. ఇంగ్లీషు ఇండియా మొత్తమున 1931–32లో సుమారు 1,97,000గా నుండిన ప్రాథమిక పాఠశాలలు 1936–37లో సుమారు 1,92,000కు తగ్గెను. అదే కాలమున విద్యార్థులు సుమారు 92 లక్షలనుండి 102 లక్షలకు పెరిగిరి. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, బడులు తగ్గినను చదువు తగ్గలేదని నాటి యధికారులు సంతోషించిరి.

ఈ సంతోషము ఎంతవఱకు న్యాయమో తెలిసికొనుటకు ఒక లెక్క చేయుదము. ఇవి ఊహకు చెప్పిన అంకెలు మాత్రమే. ఎగువపల్లెలో 18 మంది పిల్లలు, ఒక పంతులు. మైలున్నర దూరమున దిగువపల్లెలో 22 మంది పిల్లలు, ఒక పంతులు. జీతము చెఱి 12 రూపాయలు. మొత్తము 40 మందికి నెలకు 24 రూపాయలు. హార్టాగు లెక్కప్రకారము వీరిలో నాల్గవ తరగతి చేరువారు ఏడుగురు. అనగా చదువు ముగించు ఒక్కొక్కనిమీద నెలకు సుమారు 3 రూపాయల 7 అణాలు పడినవి.

ఇప్పుడు ఎగువబడిని మూసి, అచటి పంతులును ఇంటికి పంపితిమి. ఆ 18 మందిలో 10 మంది దిగువకు నడచివచ్చిరి, 8 మంది మానిరి. దిగువబడిలో 32 మందికి ఒకే పంతులు. వ్యయము 12 రూపాయలు. తలకు 6 అణాలే. ఖజానా పుస్తకములో ఇది చక్కని పొదుపు. అయితే ఆ యొక్క పంతులు మునుపటికంటె నలిగిపోవును, చదువు ముగించువారు ఆఱుగురికి మించరు.

మూడవ విధము చూడుడు. ఎగువబడిని మూసి, ఇద్దఱు పంతుళ్లను దిగువబడిలోనే ఉంచితిమి. వ్యయము మునుపటి 24 రూపాయలే. ఒక్క కానియు మిగులలేదు. తలకు 12 అణాలగుటచే ఖజానావారికి ఇది దుబారాగా తోచును. కాని ఒక్కొక్క పంతులునకు రెండేసి తరగతులు గనుక 32 మందిలో 16 మంది చదువు ముగించిరనుకొందము. అప్పుడు ఒక్కొక్కనిమీద పడినది రూపాయన్నర.

హార్టాగు సంఘము కోరినది ఈ మూడవది. కలుపుట వేఱు, కోయుట వేఱు. ఒకటి ఉపాధ్యాయులను ఒకచోటికి చేర్చుట, రెండవది ఉపాధ్యాయులను లేకుండ చేయుట. ఈ రెంటికిని ఒకే పేరు పెట్టి నడపుటయే ఆనాటి లోపమని మేము తలంచుచున్నాము. విద్యాశాఖలోని వారు మొదటిదానిని మనస్సున నుంచుకొని సంతకము చేసిరి, ఆర్థికశాఖవారు రెండవదానిని చూచుకొని తృప్తి పడిరి.

రెండవ, మూడవ విధములందు ఆ మానిన 8 మంది మాటేమి? వారు ఎవ్వరు? ఇచ్చట మన చిన్న మిషను బడుల సంగతి మఱల వచ్చుచున్నది. పటములో మైలున్నర దూరముగా కనబడు దారి అందఱికి ఒకే దారి కాదు. పెద్దయూరి బడి గుడిలోనో, చావడిలోనో, అగ్రహారపు వీధిలోనో యున్నయెడల, ‘పంచములు’ అని నాటి కాగితములలో వ్రాయబడిన పిల్లలు మెట్టెక్కుటకు వీలులేకుండెను. ప్రభుత్వధనముతో నడచు బడి ఎవ్వరిని త్రోసివేయరాదని ఉత్తరువులుండెను. ఉత్తరువు కచ్చేరిలో నుండెను, మెట్టు ఊరిలో నుండెను. అందుచేతనే చెన్నపురి ప్రభుత్వము లేబరు శాఖద్వారా ఈ పిల్లలకు ప్రత్యేకముగ బడులు నడపవలసివచ్చెను. వాడలోని ఏకోపాధ్యాయ పాఠశాల పరీక్షాధికారి కంటికి అనావశ్యకము. ఆ వాడవారికి అది యొక్కటే బడి. ఆడపిల్లల విషయమును ఇట్టిదే. ఊరిలో బడి యున్న మూడేండ్లయినను పంపుదురు, వాగు దాటి పంపరు. పైన చెప్పిన 10 లక్షల పెరుగుదలలో ఇట్టివారు ఎందఱు చేరిరి, ఎందఱు జాఱిరి యనునది మొత్తపు అంకెవలన తెలియదు.

ఐనను చిన్నబడులన్నియు పవిత్రములని మేము చెప్పుట లేదు. పేరునకు మాత్రమే యుండి, తనిఖీ దినమున పిల్లలను ప్రోగుచేసి చూపు బడులు నాడు కలవు. గ్రాంటు కొఱకు ఒకే వీధిలో రెండు బడులు పోటీపడిన చోట్లు కలవు. వానిని కలుపుట మేలే. మా వాదమంతయు ఎవ్వరిని అడిగి, ఏది కొలిచి కలిపితిరి యనుటయే.

1937లో గాంధీగారు చేతిపని మూలముగా బడి తన వ్యయమును తానే సంపాదించుకొనవచ్చునని వార్ధా పద్ధతిని సూచించిరి. స్వరాజ్యము వచ్చినపిదప 1953లో చెన్నపురి ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామపు బడులలో దినమునకు మూడు గంటలు చొప్పున రెండు పూటలు రెండు గుంపులకు చదువు చెప్పించి, మిగిలిన కాలము పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్వవలెనని ఒక పథకము పెట్టిరి. ఉన్న పంతుళ్లతోనే, ఉన్న గదులతోనే ఎక్కువమంది చదువగలరని ఆలోచన. చాకలి కొడుకు చాకలిగాను, కుమ్మరి కొడుకు కుమ్మరిగాను ఉండిపోవలెననియా మీ యుద్దేశమని జనులు తిరుగబడిరి. 1954లో కామరాజుగారు ముఖ్యమంత్రియై దానిని రద్దు చేసిరి. గంటలను కోసి మిగిల్చిన ధనము కులపు కట్టును బిగించునని పేదలు వెంటనే గ్రహించిరి. ఈ విషయమున వారి లెక్క మేధావుల లెక్కకంటె సరియైనది.

ఇక మన వైపు. నైజాము రాజ్యమున పాఠశాలలను తగ్గించవలసిన యవసరమే రాలేదు, తగ్గించుటకు ఉన్నవే కొద్ది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక దేశభాషలో ఉన్నతవిద్య చెప్పించి దేశమునకు క్రొత్తదారి చూపినమాట నిజము. కాని ఆ భాష ఉర్దూ. తెలుగు పిల్లవాడు పై తరగతికి పోవలెనన్న ఇంటిభాష విడువవలెను. ప్రజలు తామే పెట్టుకొను ఖాన్గీ బడులకు సర్కారు ముందు అనుమతి కావలెనను నిబంధన రాగా చాల బడులు మూతపడెను. ఒక చోట ధనము లేదని మూసిరి, ఒక చోట అనుమతి లేదని మూసిరి. ఈ కష్టములను చెప్పుకొనుటకు 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ కూడెను. నాల్గవ సభ 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను జరిగెను. మాడపాటివారు హైదరాబాదులో తెలుగు బాలికల పాఠశాలను నిలిపినవారు. 1951 జనాభా లెక్కలనాటికి హైదరాబాదు రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి పదిమందియైనను లేరు.

నేటి సంగతి కొలదిగా చెప్పి ముగించెదము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు శాసనముచే ప్రాథమిక పాఠశాలలో 60 మంది వఱకు పిల్లలున్నచోట ఇద్దఱు ఉపాధ్యాయులుండవలెను. ఆంధ్రప్రదేశమున 2022లో 117వ సంఖ్యగల ఉత్తరువుచే 3, 4, 5 తరగతులను సమీపమందలి ఉన్నత పాఠశాలలకు తరలించిరి. చిన్నపిల్లలకు దూరమైనదని తల్లిదండ్రులు మొఱపెట్టిరి. 2025లో ఆ ఉత్తరువు ఉపసంహరింపబడి వేఱు ఏర్పాటు వచ్చెను. మన తెలంగాణములోను పిల్లలు కొద్దిమందే మిగిలిన సర్కారు బడులు అనేకము. నాటికిని నేటికిని ఒక భేదము కలదు. నాడు పిల్లలు బడికి రాక చిన్నబడులయ్యెను. నేడు ఇంగ్లీషు మీడియము ప్రయివేటు బడి వ్యాను ఉదయము ఊరిలోనికి వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోవుటచే చిన్నబడులగుచున్నవి. మిగిలినవారు వ్యాను రుసుము ఈయలేనివారు. తండ్రి దుబాయిలోనో మస్కటులోనో యుండి, తల్లి బీడీలు చుట్టుచు, ముసలి నానమ్మ చేయి పట్టుకొని బడికి వచ్చు పిల్లలు మన యూళ్లలో ఎందఱో కలరు. బడిని రెండు కిలోమీటర్లు జరిపినయెడల ఆ నానమ్మ నడువగలదా, లేక ఆ తల్లి రోజుకు వేయి బీడీల లెక్కలో కొన్నిటిని వదలుకొని తానే తీసికొనిపోవలెనా? ఆ కూలినష్టము ఏ ఖజానా పుస్తకములోను వ్రాయబడదు.

మా తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు ఒక పని అప్పగించుచున్నాము. ఈ సెలవులలో మీ ఊరి ప్రాథమిక పాఠశాలనుండి దానికి సమీపమందలి మఱియొక పాఠశాలకు అడుగులతో దారి కొలువుడు. నడుమ వాగు, పెద్దరోడ్డు, చెఱువుకట్ట ఏవి యున్నవో గుర్తింపుడు. వానకాలమున ఎన్ని దినములు ఆ దారి మూసికొనిపోవునో పెద్దలనడిగి వ్రాసికొనుడు. ఐదేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని ఒకసారి నడచి, పట్టిన నిమిషములను గడియారము చూచి లెక్కింపుడు. చక్కగా చేసినవారి పట్టికలను వచ్చు సంవత్సరపు సంచికలో ఊరి పేరుతో ప్రకటించెదము.